ఎంపీ ఓటుకు మార్కులెవరేస్తారు?

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసినవాణ్ణి. చైనా కొనుగోళ్లు తగ్గితే తేజ రకం మిర్చి ధర ఎలా జారుతుందో చూశాను. అందుకే విదేశాలతో ఒప్పందాలపై మన ఎంపీ ఎటు ఓటేశాడో తెలియాలంటాను. అమెరికాలో 1947లో పుట్టిన అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ (ఏడీఏ) లాంటి సంఘాలు చట్టసభల సభ్యుల ఓట్లకు మార్కులేస్తూ వచ్చాయి, విదేశాంగ విధానంపై ఓట్లు సహా. మనకా వీలేదీ? 1994లో గాట్ వాణిజ్య ఒప్పందంపై సంతకానికి పార్లమెంటు ఓటే అక్కర్లేకపోయింది, మన పత్తి రైతు గతి అందులో ఉన్నా. పైగా 1985 నుంచి పార్టీ విప్ మీరితే ఎంపీ పదవికే ఎసరు.

అమెరికాతో అణు ఒప్పందం గొడవతో 2008 జులై 22న లోక్‌సభలో విశ్వాస పరీక్ష వచ్చింది; ప్రభుత్వం 275–256తో నెగ్గింది. తెలుగుదేశం ఎంపీలు ఆదికేశవులు నాయుడు, మందా జగన్నాథం పార్టీకి ఎదురెళ్లి ప్రభుత్వానికి ఓటేశారు. ఇలాంటి కొందరివి తప్ప మిగతావి పార్టీల ఓట్లే, నా లెక్కలో. చట్టసభల పనితీరు గమనించే పీఆర్‌ఎస్ సంస్థ ఎంపీల హాజరు, ప్రశ్నలు లెక్కిస్తుంది. యార్డుకు హాజరైందని చూసి మిర్చి టిక్కీకి (బస్తాకి) ధర కడతామా? ఈసారి ఎంపీలు ఓటడిగితే, విదేశీ ఒప్పందాల మీద సభలో ఏం మాట్లాడారో అడగండి.