పెయింట్ స్ప్రేయర్
పెయింట్ స్ప్రేయర్ అనేది రంగును సన్నని తుంపరగా మార్చి గోడలు, తలుపులు, ఇనుప గ్రిల్స్ వంటి వాటిపై చల్లే సాధనం. 1887లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్ దుకాణంలో జోసెఫ్ బింక్స్ నేలమాళిగ గోడలకు సున్నం వేసేందుకు చేతిపంపుతో పనిచేసే యంత్రాన్ని రూపొందించాడు. 1893లో ఆ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శన భవనాలకూ రంగును చిమ్మే పద్ధతినే వాడారు.

ఇళ్లలో వాడే హెచ్‌వీఎల్‌పీ రకం తక్కువ పీడనంతో ఎక్కువ గాలిని పంపుతుంది. తలుపులకు, ఫర్నిచర్‌కు అనువైనది. ఎయిర్‌లెస్ రకంలో గాలి ఉండదు, పంపు పీడనమే రంగును చీల్చుతుంది. దీని నాజిల్‌పై 517 అని ఉంటే రంధ్రం 0.017 అంగుళాలు (సుమారు 0.43 మి.మీ.), 12 అంగుళాల దూరం నుంచి చల్లితే పట్టీ వెడల్పు దాదాపు 10 అంగుళాలు.

వడకట్టని రంగు, పైన కట్టిన మీగడ, ఎండిన పొర నాజిల్ మూసుకుపోవడానికి ప్రధాన కారణాలు. తిరగేసే నాజిల్‌ను 180 డిగ్రీలు తిప్పి వ్యర్థపు బకెట్‌లోకి చిమ్మితే అడ్డం బయటపడుతుంది. అప్పటికీ వదలకపోతే యంత్రం ఆపి, పీడనం పూర్తిగా వదిలి, ట్రిగ్గర్‌కు తాళం వేశాకే నాజిల్ విప్పాలి. ఎమల్షన్‌కు నీరు, ఎనామెల్‌కు తగిన థిన్నర్ పోసి మెత్తని బ్రష్‌తో కడుగుతారు. సూదితో పొడిస్తే రంధ్రం దెబ్బతిని తుంపర వంకరపోతుంది. ఎయిర్‌లెస్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గాయం చిన్నగా కనిపించినా అది అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం.