మేరీ పాటన్ నడపిన ఓడ

కాలిఫోర్నియాలో బంగారము బయటపడి జనము వెల్లువగా పోవుచుండిన కాలమున, న్యూయార్కు సరకును పదిదినములు ముందుగా సాన్‌ఫ్రాన్సిస్కో రేవున దింపినవానికే లాభము దక్కుచుండుటచే, సన్నని మేనును, కత్తివంటి ముక్కును, స్తంభముల నిండ తెరచాపలును గల క్లిప్పరు ఓడలకు మహర్దశ పట్టెను. దక్షిణామెరికా కొసనున్న హారన్ అగ్రమును చుట్టివచ్చు ఆ దారి పదునైదువేల మైళ్లకు పైబడినది. ఫ్లయింగ్ క్లౌడ్ అను ఓడ దానిని 89 దినములలో ముగించిన పిమ్మట తక్కిన కప్తానులకు నిద్ర కరవైనది.

1856 జూలై 1వ తేదీన న్యూయార్కు విడిచిన నెప్ట్యూన్స్ కార్ అను క్లిప్పరునకు జాషువా పాటన్ కప్తాను. వెంటనున్న భార్య మేరీకి పందొమ్మిదేండ్లు, ఆమె గర్భవతి. కప్తాను క్రింది అధికారియగు మొదటి మేటు విధిని నిర్లక్ష్యము చేయగా వానిని బంధించి, వాని పనియు దానే నెత్తిన వేసికొని రేయుంబవళ్లు డెక్కుపై నిలిచిన యా కప్తాను, పడమటిగాలి యెదురై మంచువాన కొట్టు హారన్ సముద్రమున తీవ్రజ్వరముతో కూలి స్మృతి కోల్పోయెను. రెండవ మేటునకు ఓడ యెచ్చట నున్నదో లెక్కగట్టు విద్య రాదు. ఆ విద్య వెనుకటి ప్రయాణమున భర్త కడ నేర్చినది మేరీ యొక్కతయే.

మిట్టమధ్యాహ్నమున సెక్స్టాంటును కంటికానించి, అలల నడుమ క్షణమాత్రము తోచిన దిగంతరేఖకు సూర్యబింబమును దింపి అక్షాంశము తెలిసికొనవలెను. రేఖాంశమునకు క్రోనోమీటరే దిక్కు. దినదినము వేళ తప్పక తాళము త్రిప్పవలసిన యా గడియారము నాలుగు సెకన్లు తప్పెనా, భూమధ్యరేఖకడ లెక్క ఒక నాటికల్ మైలు తప్పును. మబ్బు మూసిన నాడు వేగమును, దిశను బట్టి యూహించి పటముపై గుర్తిడుటయే గతి. తుపాను కథలు చెప్పువారు అలలను వర్ణింతురు. నా కన్నులకు గట్టునది మాత్రము, ఊగులాడు దీపపు వెలుగున రోగి నుదుటి తడిగుడ్డ మార్చి, మరల వచ్చి అంకెలు కూడుకొను ఆ పిల్ల.

నడుమ కప్తానునకు కొంత తెలివి వచ్చి మేటును విడిపింపగా, అతడు ఓడను చిలీదేశపు వాల్పరైజో వైపు మరలించుచు పట్టుబడి తిరిగి బందీయయ్యెను. కళాసులు మేరీ మాటకే కట్టువడిరి. 56 దినములు ఆమె నడపిన ఓడ నవంబరు 15న సాన్‌ఫ్రాన్సిస్కో చేరినది.

ఓడయు సరకును దక్కినందుకు బీమావారు వేయి డాలర్లు పంపిరి. అది మిక్కిలి స్వల్పమని నా తలంపు. తాను చేసినది భార్యగా తన విధి మాత్రమేయని ఆమె వారికి బదులు వ్రాసెను. 1857 మార్చిలో కుమారుడు కలిగెను, జూలైలో జాషువా మరణించెను. 1861లో, ఇరువదినాలుగేండ్లు నిండకయే, మేరీని క్షయరోగము గొనిపోయినది.