ఆగడం కోసం రెండున్నర శతాబ్దాలు

లండన్ సోహో స్క్వేర్‌లో కార్లైల్ హౌస్ అనే పెద్ద భవనం ఉండేది. తెరీసా కార్నెలిస్ అనే గాయని 1760 నుంచి అక్కడ విందులు, కచేరీలు, ముసుగు నాట్యాలు నడిపేది. ఊళ్లో డబ్బూ పేరూ ఉన్నవాళ్లంతా అక్కడికే చేరేవాళ్లు. అలాంటి ఒక రాత్రి జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రాల పనివాడు కాళ్లకు చక్రాలు తగిలించుకుని, వయొలిన్ వాయిస్తూ జనం మధ్యకు దొర్లుకుంటూ వచ్చాడని చెబుతారు. ఆ చక్రాలకు వేగం తగ్గించే ఏర్పాటు లేదు, పక్కకు తిరిగే ఏర్పాటూ లేదు. అయిదు వందల పౌండ్ల పైచిలుకు ఖరీదు చేసే నిలువుటద్దాన్ని వెళ్లి నేరుగా గుద్దుకున్నాడు. అద్దం భళ్లున పగిలింది, వయొలిన్ ముక్కలైంది, మనిషికి గట్టి దెబ్బలే తగిలాయి.

చక్రాల బూట్ల గురించి ఎవరు రాసినా ఈ కథతోనే మొదలుపెడతారు, నవ్వించడానికి. అరవై దాటాక ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకోవడానికి దిగిన నాకు మాత్రం ఇందులో నవ్వు కనిపించదు. కాళ్ల కింద నేల జారిపోతుంటే ఎలా ఆగాలో తెలియని ఆ క్షణం నాకు తెలుసు. ఈ ఆట చరిత్రను వేగం కథగా రాస్తారు గానీ, ఒక్కో పేటెంటూ తెరిచి చూస్తే అందులో అసలు ప్రశ్న ఆగడం గురించో, తిరగడం గురించో ఉంటుంది. పెద్ద వయసులో నేర్చుకునేవాళ్ల మొదటి ప్రశ్న కూడా అదే కదా.

మెర్లిన్‌ను ఆ ఒక్క రాత్రితో కొలవడం అన్యాయం. ఇప్పటి బెల్జియంలోని ఊయీ పట్టణంలో 1735లో పుట్టి, 1760లో లండన్ చేరిన ఈయన చేతిలో గొప్ప పనితనం ఉండేది. జేమ్స్ కాక్స్ పేరుతో 1773లో ప్రదర్శనకు వచ్చిన వెండి హంసలోని యంత్రాంగం ఈయన చేసిందే. మెడ వంచి వెండి చేపను ముక్కున కరిచే ఆ హంస ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని బోవ్స్ మ్యూజియంలో ఉంది. గెయిన్స్‌బరో అంతటి చిత్రకారుడు ఈయన బొమ్మ గీశాడు. నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇంకొకటి. కీళ్లవాతంతో అడుగు వేయలేనివాళ్ల కోసం, కూర్చున్నవాళ్లే చేత్తో పిడులు తిప్పుకుంటూ నడుపుకోగలిగే చక్రాల కుర్చీ తయారుచేశాడు. ఆ తరహా కుర్చీలను 19వ శతాబ్దంలోనూ మెర్లిన్ కుర్చీలనే పిలిచేవాళ్లు. కదల్లేని ముసలి కాళ్లకు చక్రాలిచ్చినవాడూ, ఆడే కాళ్లకు చక్రాలు కట్టినవాడూ ఒకడే.

ఆ తర్వాత పేటెంట్ల వరస. 1819లో పారిస్‌లో పెతిబ్లెద్ అనే ఆయన ఒకే గీత మీద మూడు చక్రాలున్న స్కేటుకు పేటెంటు పుచ్చుకున్నాడు. అంటే చక్రాలు వరసగా ఉండే ఇన్‌లైన్ పద్ధతి కొత్తదేమీ కాదు, పక్కపక్కన రెండేసి చక్రాలుండే స్కేటు కంటే ముందుదే. మంచు మీద జారే ఇనుప పలక ఒకే గీత కాబట్టి, దాన్ని అనుకరించినవాళ్లకు మొదట తట్టింది కూడా గీతే. మంచు మీద చేసే విన్యాసాలన్నీ దీంతో నేల మీద చేయొచ్చని పెతిబ్లెద్ భరోసా ఇచ్చాడు. కానీ మూడు చక్రాలూ ఒకే ఎత్తులో గట్టిగా నేలకు ఆనుకుంటే మనిషి తిన్నగా పోతాడే తప్ప తిరగలేడు.

ఆ ముడి సగం విప్పింది ఒక పళ్ల వ్యాపారి. లండన్ పికడిల్లీలో పళ్లు అమ్ముకునే రాబర్ట్ జాన్ టయర్స్ 1823లో వోలిటో అనే అయిదు చక్రాల స్కేటుకు పేటెంటు తీసుకున్నాడు. మధ్య చక్రం పెద్దది, చివరలవి చిన్నవి. దాంతో ఏ క్షణంలోనైనా నేలను తాకేది ఒకటి రెండు చక్రాలే, బరువు ముందుకో వెనక్కో మారిస్తే మనిషి వంపు తిరగగలడు. ముందూ వెనకా కొక్కెంలా వంచిన ఇనుప ముక్కలు పెట్టాడు, ఆగడానికి. నా బూటు మడమ దగ్గర ఉన్న నల్ల రబ్బరు ముక్కకు పూర్వీకుడు ఆ కొక్కెం. పారిస్‌లో జాన్ గార్సాన్ 1828లో తన పేరునే తిరగేసి సాంగార్ అనే స్కేటు తెచ్చి, దాని మీద పాఠాలు కూడా చెప్పాడు. 1849లో మేయర్‌బీర్ ఒపెరా ‘ల ప్రొఫెత్’ పారిస్ రంగస్థలం ఎక్కినప్పుడు, గడ్డకట్టిన సరస్సు దృశ్యంలో నటులు చక్రాల మీదే జారారు. జనానికి అది తెగ నచ్చింది.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది, అదీ ఒక వైద్యుడి సలహాతో. న్యూయార్క్‌లో ఫర్నిచర్ వ్యాపారం చేసే జేమ్స్ లియొనార్డ్ ప్లింప్టన్‌కు ఒంట్లో బాగుండక, వ్యాయామంగా మంచు మీద స్కేటింగ్ చేయమని వైద్యుడు చెప్పాడు. గుణం కనిపించింది. మంచు కరిగాక ఏం చేయాలన్నది సమస్య. 1863 జనవరిలో, 34 ఏళ్ల వయసులో, ఆయన తీసుకున్న పేటెంటులో చక్రాలు జంటలుగా ముందు రెండు, వెనక రెండు ఉన్నాయి. ఇరుసుకీ పాదపు పలకకీ మధ్య రబ్బరు దిండు పెట్టాడు. ఒంటిని ఏ పక్కకు వాలిస్తే ఇరుసు ఆ పక్కకు తిరుగుతుంది. తిరగడం తేలికైతే ఆగడం కూడా సగం తేలికే, ఎందుకంటే వంపు తిరుగుతూ పోతే వేగం దానంతటదే చస్తుంది. ఆయన 1866లో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో అట్లాంటిక్ హౌస్ అనే హోటల్ భోజనశాలను రింక్‌గా మార్చి పెద్దమనుషులకు, వాళ్ల ఆడవాళ్లకు నేర్పాడు. అంటే ఈ ఆట జనంలోకి వచ్చిందే పెద్దవాళ్ల ఆటగా, ఒంటికి మంచిదన్న పేరుతో. పిల్లల వేసవి సెలవుల కాలక్షేపమన్న ముద్ర చాలా తర్వాతది. ఆ ముద్రను చూసి వెనక్కి తగ్గే నా వయసువాళ్లకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ప్లింప్టన్ నాలుగు చక్రాలు గెలిచాక, వరస చక్రాలు దాదాపు వందేళ్లు మూలనపడ్డాయి. తర్వాత బాల్ బేరింగులు వచ్చి దొర్లుడును నున్నగా చేశాయి. 1960లలో షికాగో రోలర్ స్కేట్ కంపెనీ ఒకే గీత మీద నాలుగు చక్రాలున్న స్కేటు తెచ్చింది. కానీ తొడుక్కుంటే సౌకర్యం లేదు, నిలకడ లేదు, ఆగడం కష్టం. అమ్మకాలు సాగలేదు.

మిన్నెసోటాలో చలికాలం పొడుగు, ఐస్ హాకీ అక్కడి కుర్రాళ్ల ప్రాణం. స్కాట్ ఓల్సన్ అనే హాకీ ఆటగాడు 1979-80 ప్రాంతంలో, ఇంకా ఇరవై నిండీ నిండని వయసులో, ఒక క్రీడా సామగ్రి దుకాణంలో వరస చక్రాల స్కేటు చూశాడు. వేసవిలో హాకీ సాధన ఆగకుండా ఉండాలంటే ఇదే దారి అనిపించింది. తమ్ముడితో కలిసి హాకీ బూటుకు ఆ చట్రం బిగించి, పాలీయురిథేన్ చక్రాలు వేసి, మడమకు రబ్బరు బ్రేకు పెట్టాడు. షికాగో కంపెనీ దగ్గరున్న పేటెంటు హక్కులూ సంపాదించాడు. రోలర్‌బ్లేడ్ పుట్టింది అలా.

ఇక్కడ పాలీయురిథేన్ గురించి ఒక మాట చెప్పకపోతే కథ కుంటుతుంది. ఇనుప చక్రం, మట్టి చక్రం రోడ్డు మీద చిన్న గులకరాయి తగిలితే అక్కడే బిగుసుకుపోయేవి, మనిషి మాత్రం ముందుకు పోయేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్వర్దీ అనే కుర్రాడు వర్జీనియాలోని ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో పడి ఉన్న యురిథేన్ చక్రాలు చూసి, వాటిని స్కేట్‌బోర్డులకు వేసి క్యాడిలాక్ పేరుతో అమ్మాడు. యురిథేన్ నేలను పట్టుకుంటుంది, చిన్న రాయి మీద కాస్త నొక్కుకుని దాటిపోతుంది, తొందరగా అరగదు. ఆ పదార్థం లేకపోతే రోడ్డు మీద స్కేటింగ్ అనేదే లేదు. కొత్తగా కొనుక్కునే పెద్దవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే: ముందు చక్రాలు చూడండి. 76 నుంచి 80 మిల్లీమీటర్ల మధ్యవి చాలు. అంతకంటే పెద్దవైతే వేగం ఎక్కువ, ఎత్తు ఎక్కువ, రెండూ మొదట్లో మనకు అక్కరలేనివి.

ఓల్సన్ పెట్టిన మడమ బ్రేకు పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ దాన్ని వేయడానికి ఏం చేయాలో చూడండి. బ్రేకున్న కాలు ముందుకు జరపాలి, రెండు మోకాళ్లూ వంచాలి, ముందు కాలి వేళ్ల వైపు పైకెత్తాలి, మడమతో రబ్బరును నేలకు నొక్కాలి. వేళ్లెత్తిన ఆ కాస్సేపూ ఒంటి బరువంతా వెనక కాలి మీద, ఒకే వరస చక్రాల మీద నిలబడాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు దాని గురించి ఆలోచించడు. మనిషి నిలకడ కళ్ల మీద, లోపలి చెవి మీద, పాదాల్లోనూ కీళ్లలోనూ ఉండే స్పర్శ మీద ఆధారపడుతుంది. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. అందుకని మనకు ఒంటికాలి మీద నిలబడటమే ఒక పరీక్ష. దడ పుట్టగానే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది, నడుము నిటారవుతుంది, చక్రాలు ముందుకు పోతాయి, మనిషి వెల్లకిలా పడతాడు.

నాకు నేర్పిన అబ్బాయికి నా మనవడి వయసు ఉంటుందేమో. “అంకుల్, గోడకుర్చీ వేయండి, గోడ లేకుండా” అన్నాడు. అంతకంటే మంచి పాఠం నేను వినలేదు. బడిలో శిక్షగా వేసిన గోడకుర్చీ తొడలకు ఇంకా గుర్తుంది. మోకాళ్లు వంగితే ఒంటి బరువు కేంద్రం కిందికి దిగుతుంది, పాదం మధ్యలోకి వస్తుంది. ఆ భంగిమలో బ్రేకు కాలు ముందుకు వెళితే వేళ్లు ఎత్తడం దాదాపు దానంతటదే జరుగుతుంది. మొదటిసారి రబ్బరు నేలకు రాసుకుంటూ గరగరమని, ఒళ్లు మెల్లగా నెమ్మదించి నిలిచిపోయినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. సిమెంటు మీద నా వెనక ఒక బూడిదరంగు గీత, కాస్త వంకరగా.

1994లో రోలర్‌బ్లేడ్ కంపెనీ తెచ్చిన బ్రేకు సరిగ్గా మాలాంటివాళ్ల ఇబ్బందినే పట్టుకుంది. బూటు పైభాగం, అంటే పిక్కను పట్టుకునే పట్టీ, వెనక్కి వాలేలా మడత పెట్టారు. దానికి ఒక కడ్డీ, కడ్డీ చివర బ్రేకు. కాలు ముందుకు చాపితే చాలు, పట్టీ వెనక్కి వాలుతుంది, కడ్డీ కిందికి దిగుతుంది, రబ్బరు నేలను నొక్కుతుంది. వేళ్లెత్తనవసరం లేదు, చక్రాలన్నీ నేల మీదే ఉంటాయి. టయర్స్ కొక్కెం నుంచి 171 ఏళ్లు పట్టింది, ఒంటికాలి మీద నిలబడకుండా ఆగడానికి. బరువు పెరుగుతుందని, భాగాలు ఎక్కువని అనుభవమున్నవాళ్లు దాన్ని పెద్దగా ఇష్టపడలేదు. నాకైతే ఈ ఆట కథలో ప్లింప్టన్ రబ్బరు దిండు తర్వాత అంతటి పని ఇదే.

బ్రేకు ఎంత మంచిదైనా పడటం తప్పదు. పడేటప్పుడు చెయ్యి ముందు చాపడం మనిషి స్వభావం, అందుకే మణికట్టు విరుగుతుంది. ఆ చోట ఎముక విరగడాన్ని డబ్లిన్ వైద్యుడు ఏబ్రహాం కోలిస్ 1814లోనే వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరే. వయసుతో ఎముకలు పలచబడేవాళ్లకు, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లకు, అది మరీ సులువుగా విరుగుతుంది. అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చిన ఇన్‌లైన్ స్కేటర్ల మీద జరిపిన అధ్యయనం ఒకటి 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రిస్ట్ గార్డులు పెట్టుకోనివాళ్లకు మణికట్టు దెబ్బల ప్రమాదం పదింతలు ఎక్కువని అందులో తేలింది. గార్డు లోపల అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. చెయ్యి నేలకు తగలగానే అది జారుతుంది, ఆ జారడంలో దెబ్బ చాలావరకు పోతుంది. నా గార్డుల పలకల నిండా గీతలే, వాటిలో ప్రతి గీతా నా మణికట్టు మీద పడాల్సింది. మోకాలి ప్యాడ్ల మీదికి ఒరిగి, తర్వాత మోచేతులు, ఆఖరున అరచేతులు ఆనేలా పడటం గడ్డి మీద ముందు సాధన చేయాలి. హెల్మెట్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

బెర్లిన్‌లో ఇన్‌లైన్ స్కేటర్ల మారథాన్ ప్రతి సెప్టెంబరులో జరుగుతుంది, వయసుల వారీగా ఫలితాలు ఇస్తారు. పారిస్‌లో శుక్రవారం రాత్రి నగర వీధుల్లో గుంపుగా స్కేటింగ్ చేసే ఆనవాయితీ 1990ల నుంచీ ఉంది. మనవైపు కూడా ఈ ఆటకు పేరు తెచ్చినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. మన రింకుల్లో సాయంత్రం పూట చిన్నపిల్లల బ్యాచీలు కళకళలాడుతుంటాయి. పొద్దున ఏడు తర్వాత అదే నేల ఖాళీగా ఎండుతుంటుంది. ఆ వేళలో ఒక గంట యాభై దాటినవాళ్లకు కేటాయిస్తే, పదో నంబరు దాకా అద్దె బూట్లు నాలుగు జతలు ఉంచితే, పట్టుకుని నిలబడటానికి ఒక పక్క కమ్మీ వేయిస్తే ఖర్చు పెద్దది కాదు. నేర్పేవాళ్లకు ఒక విన్నపం: మాకు మొదటి వారం పరుగు నేర్పకండి. పడటం నేర్పండి, రెండో వారం బ్రేకు. రబ్బరు అరిగి గీత దాటితే మార్చుకోమని చెప్పండి, ఒక్క స్క్రూ విప్పితే వస్తుంది.