కొండ మీది సమాధికి పడవ ప్రయాణం

ఫ్రాన్స్ వాయవ్యాన, బ్రిటనీ తీరంలో ప్లూయెస్కా ఊరి పక్కన కెర్నిక్ అఖాతం ఉంది. ఆటు వేళ అక్కడి ఇసుకలో రెండు వరుసల రాతిపలకలు నిలబడి కనిపిస్తాయి. పోటు ఎక్కిందంటే అంతా నీళ్లే. నవీన శిలాయుగం చివర్లో చనిపోయినవాళ్ల కోసం కట్టిన పొడవాటి సమాధి అది. మన రాకాసి గుళ్లతో పోలికలున్నా వయసులో వాటికన్నా చాలా పెద్దది.

సముద్రంలో సమాధి ఎవరు కడతారు? ఎవరూ కట్టలేదు. అప్పుడది పొడి నేల.

మంచుయుగం ముగిశాక ఖండాల మీది మంచు కరిగి సముద్రమట్టం 120 మీటర్ల మేర పెరిగింది. సుమారు 7000 ఏళ్ల కిందట వేగం తగ్గింది గానీ పెరగడం ఆగలేదు. బ్రిటనీలో పెద్దరాళ్లు లేపడం మొదలైంది ఈ నెమ్మది దశలోనే.

ఈ పెరుగుదల ఫలితం చూడాలంటే బ్రిటనీలోనే ఉన్న మోర్బియాన్ సింధుశాఖకు వెళ్లాలి. అక్కడ ఎర్ లానిక్ అనే చిట్టి దీవిలో గుర్రపు నాడా ఆకారంలో రెండు రాళ్ల వలయాలున్నాయి. ఒకటి సగం గట్టున, సగం నీళ్లలో. రెండోది మునిగిపోయింది, పెద్ద ఆటు రోజుల్లోనే దాని జాడ తెలుస్తుంది. పురావస్తు పరిశోధకుడు గుస్తావ్ ద క్లోస్మదెక్ 1866లో వీటిని గుర్తించాడు. 1920లలో జకారీ ల రూజిక్ తవ్వకాలు జరిపి, పడిపోయిన రాళ్లను నిలబెట్టాడు. (మన దగ్గర నీళ్లు వస్తాయని ముందే తెలుసు కనుక, నాగార్జునసాగర్‌లో మునగకముందే ఏలేశ్వరంలోని బృహత్ శిలాయుగ సమాధులను తవ్వి చూశారు. ఎర్ లానిక్‌కు ఆ అదృష్టం లేదు.)

పక్కనే గావ్రిని దీవి. అక్కడ దాదాపు 6000 ఏళ్ల నాటి సమాధి: పైన రాళ్లగుట్ట, లోపల 14 మీటర్ల ఇరుకుదారి, చివర చిన్న గది. గోడల్లోని 29 రాళ్లలో 23 మీద అలలు అలలుగా చెక్కిన గీతలు. యాత్రికులు పడవ దిగి వస్తారు కనుక శవాలనూ పడవలోనే తెచ్చారనుకోవడం సులువు. ఊహ అందంగానే ఉంది, తప్పు మాత్రం తప్పే. నాటికి గావ్రిని దీవి కాదు, ప్రధాన భూమిని అంటిపెట్టుకున్న కొండ.

ఆ గది కప్పు కథ మరీ విచిత్రం. 1980లలో పురావస్తు పరిశోధకుడు షార్ల్ తాంగీ ల రూ గుట్ట పైభాగం తవ్వితే, కప్పురాయి పైముఖాన కొమ్ముల పశువు బొమ్మలో కొంత భాగం బయటపడింది. మిగతా భాగం సుమారు నాలుగు కిలోమీటర్ల దూరాన, లోక్‌మారియాకేర్‌లోని మరో సమాధి కప్పు మీద ఉంది! ఎప్పుడో నిలబెట్టిన ఒకే మహాశిల ముక్కలై రెండు సమాధులకు కప్పయిందన్నమాట. ఇప్పుడు ఆ రెండు చోట్ల మధ్య ఉప్పునీటి పాయ ఉంది. నాటి తీరరేఖ గీసుకుని చూస్తే, రాళ్లు లాగినవాళ్ల దారిలో ఉన్నది చాలావరకు నదీలోయే. పక్కనున్న కార్నాక్‌తో సహా ఈ మోర్బియాన్ తీరాల మహాశిలలను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.