బొంత చరిత్ర

సంకీర్ణ ప్రభుత్వాన్ని వెక్కిరించాలంటే మన పేపర్లవాళ్ళకి చేతికందే మాట ‘అతుకుల బొంత’. ఆ మాట రాసేవాళ్ళెవరూ బొంత కుట్టి ఉండరు, బొంత కప్పుకుని చలికాలం దాటి ఉండరు. మా ఆడోళ్ళ చరిత్ర రాయాలంటే నేను మాత్రం బొంత దగ్గరే మొదలుపెట్టాలి.

మాది తిరువూరు. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. సాగర్ ఎడమ కాలవ నీళ్ళందే చోట మాగాణి, అందని చోట మెట్ట. మామిడి, మిరప, పత్తి. మా ఇంటికి సెంటు భూమి లేదు. నాట్లప్పుడూ మిరపకాయ కోతలప్పుడూ అమ్మకి ఊపిరాడేది కాదు. మిగతా రోజులన్నీ కాచుకుని కూచోవడమే. కూలి డబ్బులకి ఆసామి ఇంటి ముందు, బియ్యానికి రేషన్ షాపు ముందు, సంతకానికి ఆఫీసు వరండాలో, చంటిదాని జ్వరానికి ఆసుపత్రి చెట్టు కింద. పేదోళ్ళేగా, కూచుంటార్లే అని అందరికీ ధీమా.

అమ్మ ఉత్తచేతుల్తో కూచునేది కాదు. చేతిసంచిలో జానెడేసి గుడ్డముక్కలు, సూది, దారపుండ ఉండేవి. బొంత మొత్తం మోసుకెళ్ళలేం గదా. అందుకే ముక్కకి ముక్క అతికే పని బయట, పరిచి కుట్టే పని ఇంటికాడ. నాలుగు పాత చీరెలు పొరలుగా పరిచి, పైన ఆ అతుకుల గుడ్డేసి, దబ్బనంతో వరసగా కుట్టుకుంటూ వచ్చేది. పెద్దమ్మలూ పిన్నమ్మలూ తలా ఒక మూల పట్టేవాళ్ళు. కుట్టు దగ్గరగా పడితే బొంత ఏళ్ళ తరబడి ఉంటది. దూరంగా పడితే రెండు ఉతుకులకే పొరలు జారిపోతయ్.

ఒకసారి ఒక ఆసుపత్రిలో అటెండరు కసిరాడు: “ఈ పేలికలు ఇక్కడ పరవమాక, మైలపడుద్ది.” అమ్మ తలెత్తకుండానే అంది: “పొద్దున్నించి కూచోబెట్టింది మీరేగా అయ్యా. నా చేతులక్కూడా చీటీ రాయించుకోవాల్నా?”

ఆ పేలికకి రెండువేల ఏళ్ళ కథ ఉంది. చండాలులు శవాల మీది గుడ్డలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. బౌద్ధ భిక్షువులు శ్మశానాల్లో, చెత్తకుప్పల్లో దొరికిన గుడ్డల్నే ఉతికి, కుట్టి, రంగేసి చీవరంగా కట్టుకున్నారు. మగధ వరిమళ్ళనీ గట్లనీ చూపించి ఆ తీరులో చీవరం కుట్టించమని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. పేలిక ఒకటే. మనువు దాన్ని శిక్ష చేశాడు, బుద్ధుడు గౌరవం చేశాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన తగలబడింది ఆ శిక్షల పుస్తకమే.

మా అమ్మకి వినయపిటకం తెలీదు. మళ్ళూ గట్లూ తెలుసు. పరాయి మళ్ళో నాట్లేసిన చేతులే అవి.

ఈ పనికి లోకం పెట్టిన పేరు ‘తీరిక’. నర్సాపురం లేసు సంగతి చూడండి. క్రైస్తవంలోకొచ్చిన పేద ఆడోళ్ళకి మిషనరీలు 19వ శతాబ్దంలో లేసు అల్లిక నేర్పారు. ఆ లేసు విదేశాలకి ఎగుమతయ్యింది, వర్తకులు బాగుపడ్డారు. అల్లినవాళ్ళు మాత్రం తీరిక వేళల్లో అల్లుకునే ఇల్లాళ్ళుగానే మిగిలారు. తీరిక అనే ముసుగులో వాళ్ళ శ్రమని ఎలా దోచారో 1982లో మరియా మీస్ పుస్తకం రాసి చూపించింది. లేసుకి కనీసం బేరం ఉంది. బొంతకి అదీ లేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో, బానిసల సంతతివాళ్ళైన నల్ల స్త్రీలు పాత పనిబట్టలతో బొంతలు కుట్టారు. పౌరహక్కుల పోరాటం నడుస్తుండగానే, 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ పేరుతో సహకార సంఘం పెట్టుకున్నారు. అక్కడి గీస్ బెండ్ బొంతల్ని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకి తగిలించారు.

మన బొంతలకి మ్యూజియం దాకా ఎందుకు, ముందు మన పుస్తకాల్లోకి రానివ్వండి. చదువుకునే పిల్లలారా, ఇంటికెళ్ళినప్పుడు బొంత పరిచి అమ్మనడగండి. ఏ ముక్క ఎవరి చీరె? ఎవరి గుమ్మం ముందు కూచుని అతికింది? ఎన్ని గంటలు కూచోబెట్టారు? తేదీలతో సహా రాసుకోండి. వాళ్ళు కాజేసిన కాలానికి మన దగ్గరున్న రుజువు ఆ కుట్లే.