చేజెర్ల కపోతేశ్వరాలయము : చైత్యరూప విచారము

నేటి పలనాడు జిల్లాలో, నెకరికల్లు మండలమున చేజెర్ల యను గ్రామము కలదు. అచ్చటి కపోతేశ్వరాలయము ఆంధ్రదేశ వాస్తుచరిత్రను వ్రాయువారెల్లరు స్మరించునట్టిది. ఇది తొలుత బౌద్ధ చైత్యగృహముగా వెలసి పిమ్మట శివాలయమైనదని పలువురు వ్రాసియున్నారు. ఈ నిర్ణయమున కాధారము లేవి? వానిలో నేది యెంత బరువు మోయగలదు? ఈ ప్రశ్నలను విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

ఆలయమును దర్శింప బోవువారికి ముందుగా కానవచ్చునవి తరువాతి కాలపు మంటపములు, పరిసరములందలి చిన్న గుళ్లు. వీనిని దాటి చూచినగాని మూలకట్టడపు స్వరూపము బోధపడదు. మేము ప్రదక్షిణముగా పోయి గర్భగృహము వెనుక నిలిచి చూచితిమి. గోడ మూల తిరుగక, ఏనుగు వెనుకభాగమువలె గుండ్రముగా వంగినది. శిల్పశాస్త్రములు దీనినే గజపృష్ఠమనినవి. పైకప్పు గూడుబండి కప్పువలె కమానుగా సాగి, వెనుక ఆ వంపుతోడనే క్రిందికి దిగినది. ముందువైపున ఆ కప్పు కొస గుఱ్ఱపులాడపు ఆకృతిలో ముఖమై నిలిచినది. కట్టడము ఇటుకలది, పరిమాణమున చిన్నది.

ఈ రూపము మిగుల ప్రాచీనము. వెదుళ్లు వంచి గడ్డి కప్పిన యిండ్ల ఆకృతి ఇందు నిలిచియున్నది. గుంటుపల్లిలోని వర్తులాకార గుహాచైత్యమున కప్పులోపల, కఱ్ఱవాసములను పోలిన పట్టెలను రాతిలోనే చెక్కియుంచిరి. భాజా, కార్లా గుహలలోను దారునిర్మాణపు పోలికయే ప్రధానము. ఇటుకలతో కట్టి, కప్పుతో సహా నిలిచిన చైత్యరూపములు మిక్కిలి అరుదు. మహారాష్ట్రలోని తేర్ గ్రామమున త్రివిక్రమాలయమును, చేజెర్లలో కపోతేశ్వరాలయమును వానిలో ముఖ్యములు. రెండును నేడు హైందవాలయములే. తక్కిన చైత్యగృహములు పెక్కింటికి పునాదులు మాత్రమే మిగులగా ఈ రెండును నిలిచియుండుటకు, వానిలో పూజ సాగుచుండుటయే ముఖ్యకారణమని మాకు తోచుచున్నది.

అయితే గజపృష్ఠాకారము బౌద్ధులకే సొంతమా? కాదు. చిత్తూరు సీమలోని గుడిమల్లమున 1973లో జరిగిన త్రవ్వకములవలన, అచ్చటి ప్రాచీనలింగము చుట్టును ఒకప్పుడు ఇటుకలతో కట్టిన గజపృష్ఠాలయ ముండెనని తేలినది. మామల్లపురమున సహదేవరథము, ఐహొళెలో దుర్గాలయము ఈ యాకారముననే వెలసినవి. కావున కట్టడపు వంపును మాత్రమే చూచి మతమును నిర్ణయించుట తగదు. రూపము కాలమును సూచింపవచ్చును గాని, దైవమును చెప్పజాలదు.

ఇక స్థలపురాణము. శిబిచక్రవర్తి కపోతమును రక్షించుటకై తన శరీరమును కోసి యిచ్చి, యిచ్చటనే లింగరూపము నందెనని ఐతిహ్యము. శిబికథ జాతకములలో నున్నది కనుక ఇది బౌద్ధశేషమని కొందఱందురు. కాని పాలిజాతకమునందలి శిబి దానమిచ్చినది కన్నులను. కపోతకథ అందు లేదు. ఆ కథ మహాభారతమున కలదు. ఉత్తరదేశపు బౌద్ధగ్రంథములలోను కలదు. నాగార్జునకొండ శిల్పములలోను చెక్కబడినది. అనగా ఈ కథ యిరువురి యుమ్మడి సొత్తు. ఇంతకంటె గమనింపదగినది వేఱొకటి కలదు. చేజెర్ల స్థలపురాణము శిబికి మేఘడంబరుడు, జీమూతవాహనుడు అను తమ్ములను చెప్పుచున్నది. జీమూతవాహనుడు పరులకై దేహమును త్యజింప బూనిన బోధిసత్త్వుడుగా, బుద్ధస్తుతితో నారంభమగు హర్షుని నాగానందమునకు నాయకుడు. దేహదానము చేసిన యిరువురు ఒకే పురాణమున అన్నదమ్ములగుట కాకతాళీయమని మాకు తోచదు. ఐనను ఇది సూచనయే గాని నిరూపణము గాదు.

శాసనసాక్ష్యము మూడవది. చేజెర్ల శిలాశాసనము ఆనందగోత్రజుడగు కందరరాజును పేర్కొనుచున్నది. ఈ వంశమువాడే యగు దామోదరవర్మ, మట్టెపాడు తామ్రశాసనమున తాను సమ్యక్సంబుద్ధుని పాదభక్తుడనని చెప్పుకొనెను. గోరంట్ల శాసనమునందలి అత్తివర్మ శంభుభక్తుడు. హిరణ్యగర్భ మహాదానము చేసినవాడు. ఒకే వంశమున ఒకరు బుద్ధుని, ఒకరు శివుని కొలిచిరి. అట్టి రాజుల యేలుబడిలో ఒక ఆరాధనాస్థలము ఒక మతము చేతినుండి వేఱొక మతము చేతికి పోవుట కలహము లేకయే జరిగియుండవచ్చును.

ఈ మూడింటిని కలిపి చూచిన తేలునది యిది: చేజెర్ల ఆలయము మొదట చైత్యగృహమనుట సంభావ్యము, సిద్ధాంతము గాదు. రూపము, ఐతిహ్యము, శాసనము అను మూడును ఒకే దిక్కు చూపుచున్నవి గాని, ఏ యొక్కటియు గమ్యమును చేర్చుట లేదు. పునాదుల పరీక్ష, ఇటుకల కొలతలను పరిసర బౌద్ధక్షేత్రముల యిటుకలతో పోల్చుట, స్థలపురాణ పాఠముల పరిష్కరణము అను పనులకు పరిశోధక విద్యార్థులు పూనుకొనవలసియున్నది. అంతవఱకు ఈ యాలయమును గూర్చి వ్రాయునపుడు 'అయియుండును' అనవలసినచోట 'అయినది' అనకుండుటయే చరిత్రకారునికి ధర్మము.