వీరాపురం ఎర్రకాళ్ళ కొంగలు

వీరాపురం, శ్రీ సత్యసాయి జిల్లా, చిలమత్తూరు మండలానికి చెందిన గ్రామము. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, హిందూపురం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. 2022 ఏప్రిల్ 4కు ముందు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఇక్కడి చింతచెట్లపై గూళ్ళు కట్టుకోవడం వలన ఈ గ్రామం ప్రసిద్ధి చెందింది. ఇది ప్రభుత్వం ప్రకటించిన అభయారణ్యం కాదు. చెట్లు ఇళ్ళ మధ్యనే ఉన్నాయి.

పక్షి వర్ణన

ఎర్రకాళ్ళ కొంగ శాస్త్రీయ నామం మిక్టీరియా ల్యూకోసెఫాలా. సుమారు ఒక మీటరు పొడవు ఉంటుంది. తెల్లని శరీరం, ఎదపై నల్లని పట్టీ, ఈకలు లేని నారింజ రంగు తల, పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు దీని గుర్తులు. లోతు తక్కువ నీటిలో ముక్కును సగం తెరచి ముంచి, అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగలగానే మూస్తుంది. చూపుకంటె స్పర్శపైనే ఆధారపడే ఈ వేటకు లోతైన జలాశయాలు పనికిరావు, ఎండిన చెరువులు అంతకంటె పనికిరావు. పెద్ద పక్షులకు దాదాపు గొంతు లేదు, గూటి వద్ద ముక్కులు టకటక కొట్టుకుంటాయి.

వీటిని "సైబీరియా కొంగలు" అని పత్రికలు తరచు వ్రాస్తుంటాయి. ఇది సరికాదు. ఇది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. నీరు, ఆహారం కోసం ఈ ప్రాంతాలలోనే అటూ ఇటూ తిరుగుతుంది. ఉత్తర భారతదేశంలో వానాకాలం చివర గూళ్ళు కడితే, దక్షిణాదిలో చలికాలం చివర మొదలుపెడుతుంది. వీరాపురానికి వచ్చేది కూడా ఆ సమయంలోనే. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి మరో రెండు నెలలు పడుతుంది. అంటే పిల్లలకు తిండి ఎక్కువగా కావలసినది సరిగ్గా వేసవిలో.

సంరక్షణ

పక్షులు వస్తే వానలు బాగా కురుస్తాయని గ్రామస్థుల నమ్మకం. వాటిని కొట్టరు, వేటాడనివ్వరు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులోనూ ఇటువంటి ఆచారమే ఉంది. అది సముదాయ రిజర్వు హోదా కూడా పొందింది. ఈ హోదాను వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ కల్పించింది.

అయితే ఆచారం చెట్టును కాపాడగలదు గాని చెరువును నింపలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వర్షాభావానికి పెట్టింది పేరు. చెరువులు ఎండితే తల్లి పక్షులు మేతకోసం దూరం పోవాలి, గూళ్ళలో పిల్లలు ఆకలికి, ఎండకు చనిపోతాయి.

పరిరక్షణ స్థాయి

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (1948లో స్థాపితం) ఎర్ర జాబితాలో ఈ కొంగను చాలా ఏళ్ళపాటు "ముప్పుకు సమీపంలో ఉన్నవి" అనే తరగతిలో ఉంచారు. తరగతులు మారుతుంటాయి కాబట్టి విద్యార్థులు వాటిని సంవత్సరంతో సహా గుర్తుంచుకోవడం మంచిది. పైగా ఆ తరగతి ప్రపంచంలోని మొత్తం సంఖ్యకు సంబంధించినది. ఒక ఊరి గూళ్ళు ఖాళీ అయినా అది మారదు.

ఎర్ర జాబితా వేరు, భారతీయ చట్టంలోని షెడ్యూళ్ళు వేరు. పరీక్షలలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఎర్ర జాబితాలో "ఆందోళన అవసరం లేనివి" తరగతిలో ఉన్నా, 1972 చట్టం ప్రకారం మొదటి షెడ్యూలులోనిది. ఎలుగుబంటి కూడా మొదటి షెడ్యూలులోనిదే, కాని ఎర్ర జాబితాలో "దుర్బలం". 2022 సవరణతో షెడ్యూళ్ళు ఆరు నుండి నాలుగుకు తగ్గాయి, కనుక పాత పుస్తకాలలోని షెడ్యూలు సంఖ్యలను సరిచూసుకోవాలి.

ఇదే సీమలో తీవ్ర ప్రమాదంలో ఉన్న పక్షి కలివికోడి. 1900లో అనంతపురం పరిసరాలలో కనిపించిన తరువాత 1986 వరకు ఎవరికీ దొరకలేదు. ఆ ఏడాది కడప జిల్లాలో స్థానిక వేటగాని సహాయంతో తిరిగి కనుగొన్నారు.